పదిహేనో పేరు

ఆగస్టు 19, మంగళవారం

ఈ రోజు స్టాఫ్ మీటింగులో భాస్కర్ నవ్విన నవ్వు ఇక్కడ రాసి పెట్టుకోకపోతే నా కడుపులో మంట ఆరేలా లేదు.

ప్రిన్సిపాల్ గారు సర్క్యులర్ చదివారు. ఫస్టియర్లో ఏ గ్రూపులోనైనా సెప్టెంబర్ ముప్పై నాటికి పదిహేను మంది కన్నా తక్కువ ఉంటే ఆ గ్రూపు ఎత్తేస్తారు. మిగిలినవాళ్ళని వేరే గ్రూపులో సర్దుతారు. పోస్టు ఎక్కడ అవసరమైతే అక్కడికి మారుస్తారు. చదివి కళ్ళజోడు తీసి, బాటనీలో ఎంతమంది మేడం అని అడిగారు. ఆయనకు తెలియక కాదు, నలుగురిలో నా నోటితో చెప్పించాలని. పదిహేను అన్నాను. అప్పుడు నవ్వాడు భాస్కర్.

అతను కంప్యూటర్స్ చెబుతాడు. అతని గ్రూపులో నూట ఇరవై మంది. ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు పదకొండు. ఒక్కో దాని ముందు ముగ్గురు పిల్లలు కూర్చుంటే నాలుగో పిల్ల వెనకాల నిలబడి చూస్తుంది. ఆ గ్రూపులో ఎందుకు చేరావని ఎవరిని అడిగినా, అందరూ చేరుతున్నారని చెబుతారు. ఒక్కరు కూడా ఇష్టమై చేరానని చెప్పరు. దాన్ని ఎవరూ ఎత్తేయరు.

అడవి మధ్యలో డిగ్రీ కాలేజీ కట్టారు. నా క్లాసు కిటికీలోంచి చెయ్యి చాపితే తునికాకు అందుతుంది. ఇక్కడి పిల్లలకు మొక్కల చదువు దండగ అట.

నా పోస్టు గురించి కాదు ఈ కోపం. ఇరవై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది. ఎక్కడికి పంపినా నా ఉద్యోగం నాకుంటుంది. చదువు గురించి.

ఆగస్టు 20

పదిహేను. ఈ రోజు కూడా లెక్కపెట్టాను.

ఆగస్టు 28, గురువారం

చాలా రోజుల తర్వాత సంతోషంగా రాస్తున్నాను.

ఫస్టియర్ పిల్లల్ని కాలేజీ వెనక అడవిలోకి తీసుకెళ్ళాను. తిప్పతీగ చూపించి దాని గురించి చెబుతుంటే, వెనక నుంచి ఒకమ్మాయి, ఇది తిప్పతీగ కాదు మేడం అంది. మిగతావాళ్ళు గొల్లున నవ్వారు. ఆ అమ్మాయి ముందుకొచ్చి తీగను గోటితో గీకింది. తిప్పతీగ అయితే పైపొర కాగితంలా లేచి కింద పచ్చగా కనబడాలట. లేవలేదు. నాలుగడుగుల అవతల అసలుది చూపించి గీకింది. పచ్చగా వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా పాఠం చెబుతున్నదాన్ని, ఆకు చూసి మోసపోయాను.

పేరు చాంది. దమ్మపేట వైపు తండా. గురుకులంలో ఇంటర్ చదివింది. రిజిస్టరులో పదిహేనో పేరు ఆమెదే, ఆఖరున చేరింది. ఇంత కాలం ఆ పేరు అంకెగానే చూశాను.

తిరిగి వస్తుంటే పక్కన నడుస్తూ అడిగాను, నీకు ఏమంటే ఇష్టం అని. కాసేపు ఆలోచించి, మొక్కలంటే ఇష్టం మేడం అంది.

ఇలాంటి పిల్ల ఒక్కతి దొరికినా చాలు. చదువుకు పుట్టిన పిల్ల.

సెప్టెంబర్ 16, మంగళవారం

చాంది స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఫోను చేతికిచ్చింది. నర్సింగ్‌లో సీటు వచ్చింది. ఈ జిల్లాలోనే, సర్కారు కాలేజీలో. ఇరవై ఆరో తేదీ లోపల చేరాలి. టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి.

రేపు రమ్మన్నాను.

ఆ క్షణంలో నాకు వచ్చింది కోపమే. ఆ పిల్ల మీద కాదు. ఆడపిల్ల బైపీసీ చదివితే చాలు, సూది చేతికిచ్చే ఈ లోకం మీద. మా చర్చిలో నా ఈడు ఆడపిల్లలందరినీ వరసగా నర్సింగుకే పంపారు. ఎవరికి ఏమిష్టమో అడిగినవాళ్ళు లేరు. మా నాన్న సంసోను బొగ్గు బావిలో పనిచేసి వచ్చి, నువ్వు నర్సువి కావాలని రోజూ చెప్పేవాడు. నేను ఎదురు తిరిగాను. నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. బాటనీయే చదువుతానని పట్టుబట్టి చదివాను. ఆ రోజు లొంగిపోయి ఉంటే ఈ రోజు ఏ వార్డులోనో బీపీలు చూస్తూ ఉండేదాన్ని.

నాకు ఎవరూ సాయం రాలేదు. చాందికి నేనున్నాను.

సెప్టెంబర్ 17

పదిహేను నుంచి ఒకటి తీస్తే పద్నాలుగు. అది నాకూ తెలుసు. కానీ నేను ఆలోచిస్తున్నది దాని గురించి కాదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి నుంచి అలాగే బస్సెక్కి తండాకి వెళ్ళాను. చాందితో కాలేజీలో రెండు రోజులు మాట్లాడాను గానీ, నాన్నను అడగాలి మేడం అంటుంది, అంతకు మించి మాట రాదు. అందుకే వెళ్ళాను. ఏ లెక్చరర్ వెళ్తుంది ఆదివారం పూట ఒక స్టూడెంట్ ఇంటికి, నలభై కిలోమీటర్లు?

తండ్రి పేరు రూప్‌సింగ్. పామాయిల్ తోటల్లో గెలలు కోస్తాడు. పొద్దున్నుంచీ తల ఎత్తి కొయ్యడం వల్లనేమో, కూర్చుని మాట్లాడేటప్పుడు కూడా గడ్డం కొంచెం పైకే ఉంటుంది. తల్లి రూప్లి నాకు కుర్చీ తుడిచి వేసి టీ పెట్టింది. వాళ్ళు మంచం మీద కూర్చోలేదు, నా ఎదురుగా నిలబడ్డారు.

నేను అన్నీ చెప్పాను. చాందిలో ఉన్నది వేలమందిలో ఒకరికి ఉండేదని, ఇష్టం లేని చదువులో పెడితే అది చచ్చిపోతుందని, బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, నాలాగే లెక్చరర్ కావచ్చని, ఫారెస్టు డిపార్టుమెంటులో పోవచ్చని. రూప్‌సింగ్ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక అడిగాడు.

"మేడం, నర్సు చదువు నాలుగేండ్లయినంక ఏం పని చేస్తదో నాకు తెలుసు. నా కండ్లతోని చూసిన. గీ చదువుకు ఎన్నేండ్లు?"

ఎనిమిదేళ్ళు పట్టవచ్చన్నాను.

"ఎనిమిదేండ్లు దానికి గా ఇష్టం గట్లనే ఉంటదా?"

ఇష్టమైన పని ఎవరికీ బరువనిపించదని చెప్పాను. నన్నే చూడమన్నాను. అతను నన్ను చూశాడు. మంచి చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న నన్ను.

తర్వాత చాందిని పిలిచి వాళ్ళ ముందే అడిగాను. నీ మీద బలవంతం లేదు, నీ మనసులో ఉన్నదే చెప్పు, నర్సు కావాలని ఉందా, మొక్కల చదువు కావాలా అని. ఆమె తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. మేడం చెప్పినట్టే అంది. అంటే బాటనీ అనే కదా.

రూప్లి తమ భాషలో ఏదో అంది, గొంతు కొంచెం పెంచి. చాంది తల దించుకుంది. ఆమె ఏమందో నాకు ఎవరూ తెలుగులో చెప్పలేదు. నేనూ అడగలేదు.

రూప్‌సింగ్ బస్సు దాకా వచ్చాడు. చదువుకున్నవాళ్ళు మీరు, మా పిల్ల మంచికే చెప్తరు అన్నాడు.

సెప్టెంబర్ 22, సోమవారం

ప్రిన్సిపాల్ గారికి చెబితే, ఆ పిల్ల చేత ఒక కాగితం రాయించుకోండి అన్నారు. రేపు తల్లిదండ్రులు వచ్చి మేం సర్టిఫికెట్లు ఇవ్వక సీటు పోయిందంటే ఎవరు జవాబు చెబుతారని. ఎంత అనుమానం మనుషుల మీద.

రాయించాను. ‘నర్సింగ్ సీటును నేను ఎవరి ఒత్తిడీ లేకుండా వదులుకుని, వృక్షశాస్త్రం మీద గల ఆసక్తితో ఇదే కళాశాలలో కొనసాగుతున్నాను.’ చాంది దస్తూరీ బాగుంటుంది. ఆసక్తి అన్న మాట దగ్గర ఆగి, ఇక్కడ ఏం రాయాలె మేడం అని అడిగింది. చెప్పాను.

మాటలు అందించాను, అంతే. రాసింది తనే.

సెప్టెంబర్ 24

మా ఆయన ప్రభు మణుగూరు నుంచి డ్యూటీ దిగి వచ్చి భోజనం చేస్తుంటే ఈ సంగతంతా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ, ఆ పిల్ల పోతే నీ గ్రూపు పోతదా అని అడిగాడు. దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. అట్లనా అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఈ మనిషి నన్ను అర్థం చేసుకున్నది ఇంతే.

సెప్టెంబర్ 26, శుక్రవారం

సాయంత్రం ఐదింటితో గడువు అయిపోయింది. చాంది ప్రాక్టికల్‌కు వచ్చింది. మైక్రోస్కోపు ముందు కూర్చుని రెండుసార్లు గడియారం చూసింది.

సెప్టెంబర్ 27, శనివారం

ఇద్దరు మగపిల్లలు టీసీలు తీసుకుపోయారు. ఫార్మసీలో సీట్లు వచ్చాయట. తండ్రులు కారులో వచ్చారు. నేను క్లాసులో ఉండగా ఆఫీసులో పని ముగించి వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ గారు నాకు కబురైనా పెట్టలేదు. వాళ్ళ చేత ఎవరూ ఏ కాగితమూ రాయించలేదు.

పదమూడు.

అక్టోబర్ 8, బుధవారం

దసరా సెలవుల తర్వాత కాలేజీ తెరిచారు. బల్ల మీద ఆర్డరు ఉంది. బాటనీ గ్రూపు ఈ ఏడాది నుంచే రద్దు. పదమూడు మందిని కంప్యూటర్స్‌లో సర్దమని.

సర్దమని. కూరగాయలా వాళ్ళు? ముప్పై తారీకున రిజిస్టరులో గీత గీసి, ఇటు పదిహేనుంటే చదువు, అటు పదమూడుంటే దండగ అని తేల్చిన మనిషి ఎప్పుడైనా ఒక క్లాసులో నిలబడ్డాడా? ప్రిన్సిపాల్ గారి గదిలో నోరు చేసుకున్నాను. ఆ ఇద్దరినీ మూడు రోజులు ఆపి ఉంటే సరిపోయేదన్నాను. ఆయన నా వైపు చూసి నెమ్మదిగా, ఒకమ్మాయిని ఆపారు కదా మేడం అన్నారు.

అది వేరు. అది ఆమె ఇష్టం.

మధ్యాహ్నం భాస్కర్ ల్యాబు ముందు నుంచి వెళ్ళాను. మా పదమూడు మంది వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. చాంది చివర నిలబడి తెర కనబడక, ముందున్న పిల్లల జడల వైపు చూస్తోంది.

అక్టోబర్ 14, మంగళవారం

నిన్న కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్ళి రూప్‌సింగ్ మా మీద అర్జీ పెట్టాడు. బాటనీ మేడం మా ఇంటికొచ్చి మాటలు చెప్పి నర్సింగ్ సీటు పోగొట్టిందని, ఇప్పుడు ఆ బాటనీ కూడా లేదని. ఎవరి చేత రాయించాడో గానీ, నా పేరు స్పష్టంగా ఉంది. ఫ్లోరెన్స్, లెక్చరర్.

నేను పోగొట్టానట. గ్రూపు ఎత్తేసింది నేనా? ఆ ఇంట్లో కూర్చుని వాళ్ళ పిల్ల మేలు కోరి గంటసేపు మాట్లాడాను. చదువుకున్నవాళ్ళు మీరు అన్న నోటితోనే అర్జీ పెట్టాడు. ఇంకెప్పుడూ ఏ పిల్లకూ మంచి చెప్పకూడదు.

అక్టోబర్ 16, గురువారం

కాలేజీకి సెలవు పెట్టాను. అమ్మకు తల దువ్వుతూ జరిగిందంతా చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. మా అమ్మ పుల్లమ్మ మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. నాన్న నన్ను నర్సింగుకు పొమ్మంటే నేను ఎలా ఎదురు తిరిగానో, చాంది కోసం అలాగే నిలబడ్డానని చెప్పాను.

అమ్మ తల వెనక్కి తిప్పి నన్ను చూసింది.

"నువ్వెక్కడ ఎదురు తిరిగినవ్ బిడ్డా? నర్సింగ్ లిస్టుల నీ పేరు రాలే. ఇంటర్వ్యూల గాయం కట్టు చూపిస్తే కండ్లు తిరిగి పడిపోయినవ్. పేరు రాలేదనే గద నాలుగు దినాలు అన్నం తినకుండ ఏడ్చినవ్. మీ నాయనే ఖమ్మం తోలుకపోయి, ఏదో ఒక సీటు అని గీ చదువుల జేర్పిచ్చిండు."

అలా కాదన్నాను. అట్లనే బిడ్డా అంది. దువ్వెన పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. జడ ఎయ్యి మరి అంది.

అక్టోబర్ 17

అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఈ మధ్య అన్నీ మరిచిపోతోంది.

అక్టోబర్ 22, బుధవారం

విచారణకు ఒక ఆఫీసరమ్మ వచ్చారు. చిన్న వయసే. ప్రిన్సిపాల్ గారి గదిలో రూప్‌సింగ్‌ని, చాందిని, నన్ను కూర్చోబెట్టారు. రూప్‌సింగ్ నన్ను చూసి నమస్తే పెట్టాడు. అది నాకు నచ్చలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ప్రిన్సిపాల్ గారు ఫైలులోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఆఫీసరు చదివి చాంది ముందుకు జరిపి, ఇది నువ్వు రాసిందేనా అని అడిగారు.

"అవ్."

"ఎవరన్నా చెప్పి రాయించారా?"

చాంది కాగితం వైపు చూసింది. నా వైపు చూడలేదు. ఆ గదిలో అన్ని కళ్ళూ ఎవరి వైపో ఒకరి వైపు ఉన్నాయి, ఆమెవి మాత్రం ఆ కాగితం మీదే. "లే మేడం. నేనే రాసిన" అంది.

రూప్‌సింగ్ కూతురితో వాళ్ళ భాషలో గబగబా ఏదో అన్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగి, మీరేమైనా చెబుతారా అన్నారు. అమ్మాయి చెప్పింది కదండీ అన్నాను.

అంతే. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అందరూ బయటికి వచ్చాక భాస్కర్ కారిడార్‌లో కలిసి, ఆ లెటర్ మిమ్మల్ని కాపాడింది మేడం అన్నాడు. అతని ముఖంలో వెక్కిరింత లేదు. నిజంగానే నా కోసం సంతోషించాడు. నాకు అతన్ని కొట్టాలనిపించింది.

అక్టోబర్ 23, గురువారం

బస్టాపులో చాంది ఒక్కతే ఉంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏం మాట్లాడాలో తెలియక, నిన్న నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగిన తర్వాత తెలిసింది ఎంత సిగ్గులేని ప్రశ్నో. ఆ నిజం చెప్పాల్సింది నేను.

ఆమె రోడ్డు వైపు చూసింది. కోపంగా లేదు. చెప్పాల్సింది ముందే కూడబలుక్కుని పెట్టుకున్నట్టు చెప్పింది.

"గప్పుడు మీరు నాకు ఏమంటే ఇష్టమని అడిగిండ్రు. గంతకు ముందు నన్నెవ్వరు అడగలే మేడం. గురుకులంల అడగలే, ఇంట్ల అడగలే. మీరు మొక్కల మేడం. అందుకే మొక్కలన్న. గా దినం నర్సు మేడం ఎవలన్న అడిగుంటే సూదులంటే ఇష్టమందును."

మొక్కలంటే నిజంగా ఇష్టం లేదా అని అడిగాను.

"తెల్వదు మేడం. మా అవ్వతోని అడివికి పోయేదాన్ని, పేర్లు తెలుసు. పేర్లు తెలిస్తే ఇష్టమున్నట్టేనా? మీరు ఇష్టమన్నరు, నేను ఇష్టమే అనుకున్న. మీరు మా ఇంటికి బస్సెక్కి వచ్చిండ్రు. మా ఇంటికి ఒక్క సారు, ఒక్క మేడం ఎన్నడు రాలే. నేను వద్దని ఎట్ల చెప్త?"

బస్సు వచ్చింది. ఎక్కే ముందు ఆగి, మా అమ్మ మాత్రం వద్దన్నది మేడం అంది. ఆ రోజు మంచం పక్కన నిలబడి రూప్లి అన్న మాట అదేనట. ఈమె తన పని కోసం వచ్చింది, మన పని కోసం కాదు అని.

అక్టోబర్ 24

నేను ఆమెకు అబద్ధం చెప్పలేదు.

అక్టోబర్ 25, శనివారం

అబద్ధం చెప్పలేదు. ఒక్క నిజం దాచాను. బాటనీలో సరిగ్గా పదిహేను మందే ఉన్నారని, ఆమె పోతే నా పోస్టు పోతుందని, పోస్టు పోతే కొత్తగూడెంలో ఇల్లూ, అమ్మనూ, ప్రభునూ వదిలి ఎక్కడికో పోవాలని, ఆ భయంతో ఆగస్టు నుంచి రోజూ రిజిస్టరు లెక్కపెడుతున్నానని ఆ కుర్చీలో కూర్చుని చెప్పలేదు. చెప్పి ఉంటే రూప్‌సింగ్‌కు లెక్క తెలిసేది. తెలివైన మనిషి.

అమ్మ చెప్పిందే నిజం. ఇంటర్వ్యూ గది, ఎనామెల్ ట్రేలో ఆ కట్టు, నేల మీద సిమెంటు చల్లదనం అన్నీ జ్ఞాపకం ఉన్నాయి. ఎప్పుడూ ఉన్నాయి. ఖమ్మం కాలేజీలో మొదటి ఏడాది అంతా ఏడుస్తూ చదివాను. మూడో ఏట ఎవరితోనూ పంచుకోకుండా ఒక మైక్రోస్కోపు నాకొక్కదానికే ఇచ్చారు. అప్పటి నుంచి మొదలైందేమో ఈ ఇష్టం. ఉద్యోగం వచ్చాక ఇంకా పెరిగింది. అది పెరిగాక వెనక్కి వెళ్ళి ముందు నుంచీ ఉన్నట్టు కథ అల్లుకున్నాను. ఎన్ని వీడ్కోలు మీటింగుల్లో చెప్పాను ఆ కథ, మా నాన్నను దుర్మార్గుణ్ణి చేసి. పాపం, ఆయన సీటు కోసం ఎర్రటి ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

పద్దెనిమిదేళ్ళ పిల్లను పట్టుకుని నీకేమిష్టం అని అడుగుతాం. జవాబు మనకు పనికొచ్చేదైతే దాన్ని దేవుడిచ్చిన వరం అంటాం, పనికి రానిదైతే పిల్లతనం అంటాం. భాస్కర్ గ్రూపులో నూట ఇరవై మంది భయపడి చేరారని వెక్కిరించాను. నేను మాత్రం ఆ పిల్లతో ఆమె ఇష్టం గురించి మాట్లాడినట్టే మాట్లాడి, నా భయం చెప్పుచేతల్లో నడిచాను. కార్లో వచ్చిన ఇద్దరు తండ్రుల ముందు నోరెత్తడానికి నాకు అవకాశం రాలేదని ఇన్నాళ్ళూ కోపం. వచ్చినా ఎత్తేదాన్ని కాదు. వాళ్ళ ఇళ్ళకు ఆదివారం బస్సెక్కి వెళ్ళేదాన్ని కాదు. తండాకు వెళ్ళాను. వాళ్ళు కాదనరని తెలిసే వెళ్ళాను.

అయితే ఇష్టంతో పని లేదా చదువుకు? అలా కూడా అనలేను. ఆ రోజు గోటితో తీగ గీకినప్పుడు ఆ పిల్ల కళ్ళలో ఉన్నది నటన కాదు. కానీ అది ఒక పొద్దుటి సంగతి. దాని మీద ఆమె బతుకంతా పెట్టమనడానికి నేనెవరిని?

అక్టోబర్ 27, సోమవారం

తెల్ల కాగితం మీద నా చేత్తో రాసిచ్చాను. తండాకు వెళ్ళింది నేనేనని. గ్రూపు పోయే పరిస్థితి ఉందని నాకు తెలిసీ ఆ తల్లిదండ్రులకు చెప్పలేదని. అంగీకార పత్రంలో ప్రతి మాటా నేను చెబితే విద్యార్థిని రాసిందని. కాబట్టి ఆమె సీటు వదులుకున్నట్టు లెక్కించకూడదని.

ప్రిన్సిపాల్ గారు చదివి తలుపు వేయమన్నారు. మూసిన ఫైలు ఎందుకు తెరుస్తారు, కాలేజీ పేరు పోతుంది, మీ మీద చార్జిమెమో వస్తుంది అన్నారు. ఆ పిల్లే మీ మీద ఏమీ చెప్పలేదు కదా అన్నారు.

నేను గొంతు పెంచాను. ఆమె చెప్పలేదు కాబట్టే రాశానన్నాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల మన ఇద్దరినీ కాపాడుతుంటే ఆమె వెనక దాక్కుని కూర్చున్నాం సార్ అన్నాను. ఆ కాగితం రాయించమని మీరు చెప్పారని కూడా రాయాలా అని అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. కాగితం తీసుకున్నారు.

నమ్మకం లేక ఇంకో కాపీ నేనే తీసుకెళ్ళి ఆఫీసరమ్మ చేతికిచ్చి సంతకం తీసుకున్నాను. ఆమె నిలబడే చదివి, ఈ మాట ఆ రోజు చెప్పి ఉంటే ఐదు రోజులు కలిసొచ్చేవి కదండీ అన్నారు. మిగిలిన సీట్ల కౌన్సెలింగ్ వచ్చే వారమే ఉందట. సీటు వదులుకున్నవాళ్ళను దానికి రానివ్వరు. అలా వదులుకోలేదని యూనివర్సిటీకి రాస్తానన్నారు.

నవంబర్ 4

ప్రభు నా కాగితం కాపీ చదివాడు. డ్యూటీకి వెళ్తూ, అత్తమ్మను నేను చూసుకుంట, నువ్వు ఎక్కడ పోస్టింగ్ ఇస్తే అక్కడికి పో అన్నాడు. అర్థం చేసుకోని మనిషి అని ఈ పుస్తకంలోనే రాశాను.

నవంబర్ 11, మంగళవారం

చాందిని కౌన్సెలింగ్‌కు రానిచ్చారు. సీటు వచ్చింది. ఈ జిల్లాలో కాదు. ఇక్కడి సీటు ఎప్పుడో నిండిపోయింది. రాష్ట్రానికి అవతలి అంచున, తెలిసినవాళ్ళు ఒక్కరు లేని ఊళ్ళో. రెండు బస్సులు, ఒక రైలు. ఇంటికి గంటన్నర దూరంలో చదవాల్సిన పిల్ల, పండక్కి వచ్చి వెళ్ళడానికే రెండు రోజులు పోగొట్టుకుంటుంది. నేను సరిదిద్దింది ఇంతే.

నాకు చార్జిమెమో వచ్చింది. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. విద్యార్థినిని తప్పుదారి పట్టించినందుకు. ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ అదే సంజాయిషీలో అడుగుతాను, మొక్కల మధ్య పుట్టిన పదమూడు మంది పిల్లలకు మొక్కల చదువు లేకుండా చేసి, కనబడని తెర ముందు నిలబెట్టినవాళ్ళకు ఎవరు మెమో ఇస్తారని. నా తప్పు వాళ్ళ తప్పును కడిగెయ్యదు.

నవంబర్ 14, శుక్రవారం

చాంది, రూప్‌సింగ్ టీసీకి వచ్చారు. సర్టిఫికెట్లు నేనే బీరువాలోంచి తీసి, ఒక్కొక్కటి చూపించి ఇచ్చాను. రూప్‌సింగ్ తీసుకుని కవరులో పెట్టుకున్నాడు. అతనికి క్షమించమని చెప్పాను. విన్నాడు. సరే అనలేదు, ఫర్వాలేదు అనలేదు. బయట నిలబడతానని కూతురితో చెప్పి వెళ్ళాడు.

చాందికి నా ఫోను నంబరు కాగితం మీద రాసివ్వబోయాను. అక్కడ ఎలా ఉందో చెప్పు, ఏ అవసరం వచ్చినా చెయ్యి అన్నాను. ఆమె చెయ్యి చాపలేదు.

"వద్దు మేడం. ఎట్లున్నదని మీరు అడుగుతరు. బాగున్నదనే చెప్త. మీరు ఏది అడిగినా నేను అవ్ అనే అన్న ఇన్నొద్దులు. అక్కడ బాగున్నదో లేదో నాకు నేను తెలుసుకుంట."

ఇంత పొడుగ్గా, ఇంత సూటిగా ఆమె నాతో కాదు అనడం అదే మొదటిసారి. ఆమెకు కూడా అది కొత్తగానే ఉన్నట్టుంది, ముక్కు పుటాలు అదిరాయి. కాగితం నా చేతిలోనే మడిచేశాను.

సర్టిఫికెట్లు ముట్టినట్టు రిజిస్టరులో సంతకం చేసి వెళ్ళిపోయింది. బస్టాపు దాకా వెళ్ళాలని చాలా అనిపించింది. వెళ్ళలేదు.